మిగిలిన వస్తువులు, వెలిగిన దీపాలు

కార్తికమాసం రాగానే ఇంటి పెద్దలు పాత నూలుపంచె అంచు చించి, అరచేతుల నడుమ నలిపి వత్తులు చేయడం తెలుగు పల్లెలలో తరతరాలుగా కనిపించే దృశ్యం. ఆ వత్తికి ఆధారమైన ప్రమిద చెరువుమట్టితో కుమ్మరి చేసినది. అందులోని ఆముదం మెట్టచేలో పండిన గింజల నుంచి తీసినది. కట్టి కట్టి చిరిగిన బట్ట, చెరువు అడుగున పేరుకొన్న ఒండ్రు, వానలేని నేలలో సైతం పండే గింజ. వీటిలో ఏ ఒక్కటీ ఖరీదైన వస్తువు కాదు. అయినా మూడూ ఒకచోట చేరినప్పుడు ఇంటిలో చీకటి తొలగిపోతున్నది.

భారత ఉపఖండంలో దీపాల తయారీ చరిత్రను పరిశీలిస్తే ఈ లక్షణం అంతటా గోచరిస్తుంది. ఏ ప్రాంతంలో ఏ వస్తువు సులభంగా దొరుకుతుందో, ఏది వాడుక తీరి మిగిలిపోతుందో, దానితోనే అక్కడివారు దీపాన్ని రూపొందించుకొన్నారు. మట్టి, లోహపు తుక్కు, చిత్తుకాగితం, మేకతోలు, గాజుపెంకు, ఖాళీ డబ్బా, ఇవన్నీ కళాకారుల చేతిలో వెలుగుకు ఆధారాలైనాయి. అయితే దీపమంటే కేవలం వెలుగు కాదు, నిప్పు కూడా. కాబట్టి దీపం చేసేవాడు తీర్చవలసిన సమస్యలు రెండు. వెలుగును బయటికి పంపాలి, నిప్పును దాని చోటున నిలపాలి. దీపానికి గల అందమైన రూపాలన్నీ చాలావరకు ఈ రెండు సమస్యల పరిష్కారాలే.

వత్తి వెలిగే విధానం

దీపంలో ముఖ్యంగా మండేది వత్తి కాదు, చమురు. మరింత సరిగా చెప్పాలంటే చమురు ఆవిరి. నూలుపోగుల నడుమ గల సన్నని సందుల గుండా చమురు దానంతట అదే పైకి ఎగబ్రాకుతుంది. దీనిని శాస్త్రజ్ఞులు కేశనాళికా చర్య అంటారు. మంట వేడికి ఆ చమురు ఆవిరిగా మారి, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మండుతుంది. మంటలో ఏర్పడే సూక్ష్మమైన కర్బన రేణువులు వేడెక్కి పసుపువన్నె వెలుగునిస్తాయి. వత్తి కొనకు చమురు సరిగా అందనప్పుడు అది మాడి నల్లబడుతుంది. దీపం కొడిగట్టడమంటే ఇదే.

ఆముదం, నువ్వులనూనె, కొబ్బరినూనె వంటివి చిక్కనివి. అవి వత్తి వెంబడి కొద్ది ఎత్తు మాత్రమే ఎక్కగలవు. అందువల్ల మంట చమురుకు అతి సమీపంలో ఉండాలి. ప్రమిద లోతు తక్కువగా, నోరు వెడల్పుగా ఉండటానికీ, వత్తి ఆనడానికి అంచున చిన్న ముక్కు తీర్చడానికీ ఇదే కారణం. కిరసనాయిలు పలుచనిది. అది పొడవైన వత్తి గుండా సులభంగా పైకి పోతుంది. అందువల్లనే కిరసనాయిలు దీపం సీసావలె నిలువుగా రూపొందింది. చమురు మారగానే దీపం ఆకారం మారిపోయింది.

ఈ మార్పుతో పాటు మరొకటి కూడ జరిగింది. నూనెగింజల చమురు రెండువందల డిగ్రీలకు పైగా వేడెక్కితే గాని నిప్పు అంటుకొనేంత ఆవిరిని విడువదు. ప్రమిద ఒరిగితే చమురు నేలపాలు కావడమే తరచుగా జరిగేది. కిరసనాయిలు అట్లా కాదు. సుమారు నలభై డిగ్రీల వేడికే దాని ఆవిరికి నిప్పంటుకొంటుంది. పొట్టిదైన ప్రమిద స్థానంలో పొడవైన సీసా, నెమ్మదిగా మండే చమురు స్థానంలో త్వరగా అంటుకొనే చమురు వచ్చాయి. ఈ రెండు మార్పుల ఫలితం ఎంత తీవ్రమైనదో ముందు ముందు తెలుస్తుంది.

నేల ఇచ్చిన దీపాలు

మట్టి ప్రమిద దేశమంతటా ఉన్నది. దాని వెంట ఆయా ప్రాంతాల ప్రత్యేక దీపాలూ ఉన్నాయి. తెలుగునాట బియ్యపుపిండి ముద్దను గుంటగా నొక్కి నేతిదీపం పెడతారు. రసం పిండిన నిమ్మడిప్పను లోపలి భాగం వెలుపలికి వచ్చేటట్లు తిప్పి అమ్మవారి గుడిలో దీపంగా వెలిగిస్తారు. కార్తికంలో అరటిదొప్ప మీద దీపం పెట్టి ఏటిలో వదులుతారు. ఇవన్నీ ఒక్కపూట దీపాలు. వాడుక తీరిన వెంటనే నేలలోనో నీటిలోనో కలిసిపోతాయి.

గుజరాతులో నవరాత్రులకు చుట్టూ రంధ్రాలు చేసిన మట్టికుండలో దీపం ఉంచుతారు. ఆ కుండ చుట్టూ తిరుగుతూ చేసే నృత్యమే గర్బా. 2023లో ఐక్యరాజ్యసమితి విద్యా, వైజ్ఞానిక, సాంస్కృతిక సంస్థ దీనిని మానవాళి వారసత్వ పట్టికలో చేర్చింది. ఆ కుండకు గల రంధ్రాలు వెలుగును చుక్కలుగా వెదజల్లుతాయి. అవే లోపలికి గాలిని పంపి, వేడిని బయటికి వదులుతాయి. ఒకే రంధ్రం అలంకారమూ, అవసరమూ కావడం మంచి రూపకల్పనకు నిదర్శనం.

అస్సాంలో అక్టోబరు మధ్యలో వచ్చే కాతి బిహు నాడు వరిచేలలో దీపాలు పెడతారు. కొన్నింటిని వెదురుగడల చివరకు ఎత్తి కడతారు. అది గాదెలు ఖాళీ అయి, కొత్తపంట ఇంకా చేతికి రాని కాలం. పైరును కాపాడమని కోరుతూ రైతు వెలిగించే దీపమది. ఆంధ్రదేశపు గుడులలో కార్తికమాసాన ధ్వజస్తంభానికి ఎత్తే ఆకాశదీపాన్ని చూసినవారికి అస్సాం చేల దీపం కొత్తగా తోచదు.

తేనె ఉచ్ఛిష్టం, ఇత్తడి తుక్కు

లోహపు దీపాలలో తమిళనాడు నాచియార్‌కోయిల్ కుత్తువిళక్కు ప్రసిద్ధమైనది. కుంభకోణానికి సమీపంలోని ఈ ఊరిలో పోతపోసే ఇత్తడి దీపానికి పీఠం, కాండం, చమురు తట్టె, శిఖరం అని నాలుగు భాగాలు. వీటిని మరలతో బిగిస్తారు, విప్పి తోముకోవచ్చు. ఎత్తైన దీపం ఒరగకుండా పీఠాన్ని వెడల్పుగా, బరువుగా పోస్తారు. తెలుగువారి దీపపు సెమ్మె, కేరళ నిలవిళక్కు, మహారాష్ట్ర సమయీ ఈ కుటుంబానికి చెందినవే. పేర్లు వేరైనా వాటన్నిటికీ బరువు అడుగుననే ఉంటుంది.

ఆదివాసీ ప్రాంతాల డోక్రా పని మరొక పద్ధతి. తెలంగాణలో పూర్వపు ఆదిలాబాదు జిల్లా వోజ్ కళాకారులు, ఛత్తీస్‌గఢ్‌లో బస్తరు కళాకారులు, ఒడిశా, పశ్చిమ బెంగాలు రాష్ట్రాల కళాకారులు ఈ విద్యలో నిపుణులు. ముందుగా మట్టితో లోపలి ముద్ద చేస్తారు. మైనాన్ని సన్నని తీగలుగా తీసి దానిపై చుట్టి, కావలసిన రూపాన్నీ నగిషీనీ తీరుస్తారు. పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయి, దాని స్థానంలో ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోసి, చల్లారిన తరువాత మట్టి మూసను పగులగొడతారు. ఒక మూస ఒక్క వస్తువుకే పనికివస్తుంది. అందువల్ల ఏ రెండు డోక్రా దీపాలూ అచ్చంగా ఒకేవిధంగా ఉండవు.

ఈ విద్య చాలా ప్రాచీనమైనది. మొహెంజొదారోలో లభించిన నాట్యకత్తె కంచుబొమ్మ ఈ పద్ధతిలో పోసినదే. 12వ శతాబ్దంలో పశ్చిమ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని పేర వెలసిన మానసోల్లాసం ఈ విధానాన్ని వర్ణించింది. సంస్కృతంలో మైనానికి మధూచ్ఛిష్టమని పేరు. తేనె తీసుకోగా మిగిలినదని దాని అర్థం. మూసకు వాడేది తేనె మిగులు. అందులో పోసేది చాలావరకు పగిలిన బిందెలు, చిల్లుపడిన చెంబులు, పాత గంటలు కరిగించిన ఇత్తడి. మిగిలిన వస్తువు దీపంగా మారడమనేది ఈ వృత్తికి కొత్త నినాదం కాదు, పాత అలవాటు. ఆదిలాబాదు డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

బస్తరులోని కొండగావ్ ప్రాంతపు కమ్మరులు ఇనుప తుక్కును కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగదీసి, పక్షులు, జింకలు అమర్చిన దీపస్తంభాలు చేస్తారు. ఆ కొండగావ్‌కే చెందిన ఒక కుమ్మరి చేసిన మట్టిదీపం 2020లో దేశమంతటి దృష్టిని ఆకర్షించింది. ప్రమిదపైన బోర్లించిన మట్టిబుడ్డిలో చమురు నిలువ ఉంటుంది. ప్రమిదలో చమురు తగ్గినప్పుడు బుడ్డి గొట్టం చివర బయటపడి లోపలికి గాలి పోతుంది. అంతట కొంత చమురు కిందికి దిగుతుంది. చమురు మట్టం పెరిగి గొట్టం మూసుకొనగానే ధార ఆగిపోతుంది. గాలి ఒత్తిడి గురించి పాఠ్యపుస్తకం చెప్పే సూత్రాన్ని సారె మీద తీర్చిన దీపమది.

చిత్తుకాగితం, మేకతోలు

విద్యుత్తు వచ్చిన తరువాత దీపపు కళాకారుని పని మారింది. వెలుగును పుట్టించే బాధ్యత బల్బు తీసుకొన్నది. దానిని కంటికి హితంగా మలిచే పని కళాకారునికి మిగిలింది. కాశ్మీరంలో చిత్తుకాగితాన్ని రోజుల తరబడి నీటిలో నానబెట్టి, దంచి, గంజి కలిపి అచ్చుపై పొరలుగా అద్దుతారు. ఆరిన తరువాత కోసి అచ్చు నుంచి తీసి, తిరిగి అతికి, నునుపు చేసి, పూలూ ఆకులూ చిత్రిస్తారు. ఆకారం తీర్చేవారు ఒకరు, రంగులు వేసేవారు మరొకరు. పూర్వం కలందానులూ, పెట్టెలూ చేసిన ఈ చేతులే తరువాత విద్యుద్దీపాలకు పీఠాలు చేశాయి.

ఆంధ్రప్రదేశ్‌లోని నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో, ధర్మవరం సమీపాన గల నిమ్మలకుంట కథ ఇంకా విశేషమైనది. ఇది తోలుబొమ్మలాట కళాకారుల గ్రామం. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడితే అది వెలుగు ప్రసరించేటంత పలుచనవుతుంది. దానిపై రామాయణ భారత పాత్రలను గీసి, రంగులు వేసి, చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. రాత్రివేళ తెర వెనుక దీపం వెలిగినప్పుడు ఆ రంధ్రాలే కిరీటంలో రత్నాలుగా, మెడలో హారాలుగా మెరుస్తాయి.

చలనచిత్రాలు, తరువాత టెలివిజను రావడంతో తోలుబొమ్మలాటకు ప్రేక్షకులు తగ్గిపోయారు. రాత్రంతా ఆడినా కుటుంబం గడవని పరిస్థితి ఏర్పడింది. ఆ దశలో అదే తోలు, అవే రంగులు, అవే ఉలులు మరొక మార్గం చూపాయి. ఇనుపతీగ చట్రానికి తోలుముక్కలు బిగించి, పాత్రలూ, నెమళ్లూ, లతలూ చిత్రించి దీపపు గూళ్లు చేయడం ప్రారంభమైంది. పూర్వం దీపం ముందు నిలిచి ఆడిన తోలు ఇప్పుడు దీపం చుట్టూ నిలిచింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావును 2020లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది.

ఇందులో లాభంతో పాటు నష్టమూ లేకపోలేదు. దీపపు గూడు చేతిపనిని నిలబెట్టగలదు గాని ఆటలోని పద్యాన్నీ, పాటనూ, హాస్యాన్నీ నిలబెట్టలేదు. నిమ్మలకుంట దీపాన్ని ఇంటిలో వెలిగించుకొన్నవారు ఒక్కమారైనా తెర ముందు కూర్చుండి ఆ ఆటను చూస్తేనే ఆ తోలుకు పూర్తి న్యాయం జరుగుతుంది.

ఖాళీ సీసా చెప్పిన పాఠం

కిరసనాయిలు వాడుకలోకి వచ్చిన తరువాత దానిని మోసి తెచ్చిన రేకు డబ్బాయే దాని దీపమయింది. సంతలలో రేకుపని చేసేవారు పాత డబ్బాలను కత్తిరించి, అతుకువేసి, బుడ్డిదీపాలు తయారుచేసేవారు. అదీ కొనలేనివారు ఖాళీ మందుసీసా మూతకు చిల్లు పొడిచి, రేకుగొట్టం గుచ్చి, గుడ్డపేలికను వత్తిగా దూర్చేవారు. లక్షలాది పేద పిల్లలు ఆ గుడ్డివెలుగులోనే అక్షరాలు నేర్చుకొన్నారు. పారవేసిన వస్తువును ఉపయోగించడంలో అంతకు మించిన పొదుపు లేదు.

కాని ఇంటి దీపమని ముద్దుపెట్టుకొంటే మీసాలు కాలక మానవని సామెత. సన్నగా పొడవుగా ఉండే సీసా పిల్లవాని చేయి తగిలినా ఒరిగిపోతుంది. గుండ్రనిది కావడంవల్ల దొర్లుకొంటూ పోతుంది. వదులుగా ఉన్న మూత ఊడి కిరసనాయిలు ఒలికి భగ్గున అంటుకొంటుంది. చాపమీద, దుస్తులమీద, పూరికప్పు మీద పాకిన ఆ మంటలు ఉపఖండంలోని పేద ఇళ్లలో ఎందరి ప్రాణాలనో బలిగొన్నాయి.

శ్రీలంకలో శస్త్రవైద్యుడుగా పనిచేసిన డాక్టరు విజయ గొడకుంబుర కాలిన గాయాలతో వచ్చేవారికి చికిత్స చేస్తూ, ఈ ప్రమాదాల మూలం దీపం ఆకారంలో ఉన్నదని గ్రహించారు. మార్మైట్ అనే తినుబండారం అమ్మే పొట్టి గాజుసీసా ఆయనకు మార్గం చూపింది. ఆయన రూపొందించిన దీపం పొట్టిది, బరువైనది. కాబట్టి సులభంగా ఒరగదు. దాని రెండు పక్కలు చదునుగా ఉంటాయి. కాబట్టి ఒరిగినా దొర్లదు. గాజు మందమైనది. కాబట్టి పడినా తేలికగా పగలదు. లోహపు మూత మరతో బిగుస్తుంది. కాబట్టి చమురు ఒలకదు. ఈ సురక్షిత దీపాన్ని అతి తక్కువ ధరకు లక్షల సంఖ్యలో ప్రజలకు అందించారు. 1998లో ఆయనకు రోలెక్స్ పురస్కారం లభించింది.

ఇందులో కొత్త యంత్రం లేదు, అరుదైన పదార్థం లేదు. మందుసీసా గాజుదే, ఈ దీపమూ గాజుదే. తేడా అంతా ఆకారాన్ని గురించిన ఆలోచనలో ఉన్నది. నాచియార్‌కోయిల్ శిల్పి అడుగున బరువు పెట్టడంలోనూ, ఈ వైద్యుడు సీసాను పొట్టిగా చేయడంలోనూ పనిచేసిన వివేకం ఒక్కటే.

నేటి తుక్కు, నేటి దీపం

2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్ గ్రామానికి విద్యుత్తు చేరడంతో దేశంలోని గ్రామాలన్నీ విద్యుదీకరణ పొందినట్లు ప్రభుత్వం ప్రకటించింది. బుడ్డిదీపం క్రమంగా అటక ఎక్కింది. ఎల్.ఇ.డి. దీపం రావడంతో పూర్వపు 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్లకే పొందడం సాధ్యమైంది. పాత బల్బు తీసుకొన్న విద్యుత్తులో అత్యధిక భాగం వేడిగా వృథా అయ్యేది. అందువల్ల కాగితం, తోలు, వెదురు వంటి వాటిని దానికి దూరంగా ఉంచవలసి వచ్చేది. ఎల్.ఇ.డి. వేడి చాలా తక్కువ కావడంతో కళాకారునికి పదార్థాల ఎంపికలో స్వేచ్ఛ పెరిగింది.

రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో స్థాపితమైన బేర్‌ఫుట్ కళాశాల, చదువు అంతగా లేని గ్రామీణ స్త్రీలకు సౌరదీపాల అమరిక, మరమ్మతు నేర్పుతున్నది. రంగుల గుర్తులూ, చేతిసైగలూ ఆధారంగా సాగే ఆ శిక్షణను అనేక దేశాల స్త్రీలు పొందారు. బెంగుళూరులో 2014లో ఐ.బి.ఎం. పరిశోధకులు పారవేసిన లాప్‌టాప్ బ్యాటరీలను పరీక్షించి, వాటిలో సుమారు 70 శాతం ఒక ఎల్.ఇ.డి. దీపాన్ని రోజుకు నాలుగు గంటలకు పైగా ఏడాదిపాటు వెలిగించగలవని కనుగొన్నారు. మంచి ఘటాలను వేరుచేసి వారు ఊర్జార్ అనే దీపాన్ని రూపొందించారు. పంచె చిరుగు వత్తి అయినట్లే పాత బ్యాటరీ దీపమయింది.

అయితే ఖాళీ సీసా చెప్పిన పాఠం ఇక్కడా వర్తిస్తుంది. లిథియం బ్యాటరీకి చిల్లుపడినా, దాని రెండు కొసలు నేరుగా తగిలినా మంటలు రావచ్చు. కాబట్టి దానిని విప్పడం శిక్షణ పొందినవారు చేయవలసిన పని. కాలిపోయిన ట్యూబులైట్లలో, చుట్టలు తిరిగిన పాత బల్బులలో పాదరసం ఉంటుంది. అవి చూడటానికి ఎంత అందంగా ఉన్నా పగులగొట్టరాదు, అలంకారాలకు వాడరాదు. ఏది తిరిగి వాడదగినదో తెలియడం ఎంత అవసరమో, ఏది వాడరానిదో తెలియడమూ అంతే అవసరం.

విద్యాలయాలలో దీపం

పాఠశాలల చేతిపనుల తరగతికి కొబ్బరిచిప్ప దీపం చక్కని ఆరంభం. చిప్పపై పీచును గీకివేసి, మొదట గరుకు, తరువాత నునుపు గాజుకాగితంతో రుద్దాలి. పెన్సిలుతో ముగ్గు చుక్కలు పెట్టి, చేతిబర్మాతో నెమ్మదిగా రంధ్రాలు చేయాలి. అంచుకు మరీ దగ్గరగా చేస్తే చిప్ప చిట్లుతుంది. కొద్దిగా కొబ్బరినూనె పూసి గుడ్డతో తుడిస్తే చిప్పకు మెరుపు వస్తుంది. లోపల బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్.ఇ.డి. దీపాన్ని అమర్చాలి. విద్యార్థులు చేసే దీపాలకు ఇంటి విద్యుత్తు వాడకపోవడమే క్షేమం. చీకటి గదిలో వెలిగించినప్పుడు ముగ్గు గోడపై పరుచుకొంటుంది. గుజరాతు కుండలోనూ, నిమ్మలకుంట తోలులోనూ పనిచేసిన సూత్రమే అది.

దీపం పూర్తయిన తరువాత దానిని నాలుగు విధాల పరీక్షించాలి. బల్లను కదిలిస్తే ఒరుగుతున్నదా? గంటసేపు వెలిగిన తరువాత చేయి తాకరానంత వేడెక్కుతున్నదా? తీగ ఎక్కడైనా అంచుకు ఒరుసుకొంటున్నదా? చదువుకొనేవారి కంటిలో పడకుండా వెలుగు పుస్తకంపై పడుతున్నదా? ఈ ప్రశ్నలలో ఏ ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా దానిని విప్పి మళ్లీ చేయాలి.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు చెప్పారు. డోక్రా పోతపోసే చేతులు, తోలుకు చిల్లులు కొట్టే ఉలులు, సారెపై ప్రమిద తీర్చే వేళ్లు ఇంకా దేశంలో ఉన్నాయి. ఆ విద్య వారివద్ద ఉండగానే కొందరు విద్యార్థులైనా దానిని చూసి, తాకి, నేర్చుకోవలసి ఉన్నది.